కిడ్నీ జబ్బున్న ఇంట్లో ఏ నూనె, ఏ చేప, ఏ గింజ: ఉద్దానం వంటింటికి సరిపడే లెక్క

ముందే చెప్పేస్తాను, కిడ్నీని బాగుచేసే నూనె అంటూ ఏదీ లేదు. గానుగ నూనె గానీ, అవిసె నూనె గానీ, చేప నూనె మాత్రలు గానీ, పెరిగిన క్రియాటినిన్‌ని (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) దించేస్తాయని ఎవరైనా చెప్తే ఆ మాట నమ్మి డబ్బులు పెట్టకండి. అలాగని ఏ నూనె వాడినా ఒకటేలే అనుకోవడం కూడా తప్పే. కిడ్నీ జబ్బున్న మనిషికి కొవ్వు పదార్థాల ఎంపిక రెండు చోట్ల గట్టిగా పనిచేస్తుంది. ఒకటి గుండె, రెండోది ఒంటి బరువు. ఈ రెండూ వదిలేసి మనం క్రియాటినిన్ ఒక్కదాని చుట్టూ తిరుగుతున్నాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస, ఈ వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. షుగరూ బీపీ లేని రైతులకీ కూలీలకీ కూడా ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళూ వచ్చాయి. కానీ ఇంటికొచ్చాక పొయ్యి మీద ఏం పెట్టాలన్నది మాత్రం ఆడవాళ్ళ నెత్తి మీదే ఉంది. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు, డాక్టరు గారికి దొరికే ఆ రెండు నిమిషాల్లో "ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి" అనడం వరకే కుదురుతుంది. ఎంత తగ్గించాలి, ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు అన్నది చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు నూనె మానేయాలా

మా చిన్నాన్నకి సోంపేటలో డయాలసిస్ అవుతోంది. మా పిన్ని చాలాకాలం ఆయనకి విడిగా, చుక్క నూనె లేకుండా, ఉడకబెట్టిన కూర పెట్టేది. మనిషి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు. భుజాల దగ్గర కండ కరిగిపోయి చొక్కా వేలాడేది. నూనె వేసి వండమని నేనంటే పిన్ని నా మీద కోప్పడింది: "ఏటి బావూ, అందరూ నూని మానీమంటుంటే నువ్వు పొయ్యమంటావేటి?" ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి అందిన సలహా అలాంటిది.

లెక్క చూడండి. కిడ్నీ రోగికి రోజుకి కిలో బరువుకి 25 నుంచి 35 కేలరీల దాకా కావాలి, అంటే 50 కిలోల మనిషికి 1250 నుంచి 1750. ఇంకా డయాలసిస్ దాకా రాని వాళ్ళకి ప్రొటీన్‌కి హద్దు పెడతారు, కిలోకి 0.6 నుంచి 0.8 గ్రాములు, అంటే అదే మనిషికి రోజంతటికీ 30 నుంచి 40 గ్రాములు. పప్పు తగ్గింది, గుడ్లు తగ్గాయి, మాంసం తగ్గింది, రక్తంలో పొటాషియం పెరుగుతుందన్న భయంతో పళ్ళూ తగ్గాయి, షుగర్ ఉంటే అన్నమూ తగ్గింది. మరి ఆ కేలరీలు ఎక్కణ్ణుంచి రావాలి? కేలరీలు చాలకపోతే శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది, అలా కండ కరిగినప్పుడు రక్తంలో యూరియా ఇంకా పెరుగుతుంది. కిడ్నీని కాపాడదామని మానేసిన నూనె వల్ల కిడ్నీ మీద బరువు పెరిగినట్టవుతుంది.

ఇక్కడే నూనెకున్న ఒక గుణం గుర్తుపెట్టుకోవాలి. ఒక పెద్ద చెంచా నూనె, అంటే 14 గ్రాములు, సుమారు 125 కేలరీలు ఇస్తుంది, అందులో ప్రొటీన్ లేదు, ఉప్పు లేదు, పొటాషియం లేదు, ఫాస్ఫరస్ లేదు. కిడ్నీ వడకట్టాల్సిన సరుకేదీ దాని వెంట రాదు. ఇలాంటి ఆహారం మనకి ఇంకెన్ని ఉన్నాయి చెప్పండి. కాబట్టి కొవ్వుని చూసి భయపడే బదులు, ఏ రకం కొవ్వు, దాని వెంట ఏమేం వస్తున్నాయి, ఈ రెండూ అడగడం అలవాటు చేసుకోండి. కింద రాసిందంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది.

గుండె సంగతి ఎందుకు

కిడ్నీ జబ్బు ముదిరిన కొద్దీ గుండెపోటు, పక్షవాతం, గుండె ఆగిపోవడం, వీటి ప్రమాదం బాగా పెరుగుతుంది. డయాలసిస్ దాకా వెళ్ళకముందే గుండె జబ్బుతో పోయేవాళ్ళు ప్రపంచమంతటా చాలామంది ఉన్నారు. సంతృప్త కొవ్వు, అంటే శాచురేటెడ్ ఫ్యాట్, ఎక్కువ తింటే ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. డాల్డాలోనూ దాంతో చేసిన బేకరీ సరుకుల్లోనూ ఉండే ట్రాన్స్ ఫ్యాట్ దానికంటే చెడ్డది, చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచి మంచిదాన్ని కూడా తగ్గిస్తుంది. వేరుశనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు నూనెల్లో ఎక్కువగా ఉండే అసంతృప్త కొవ్వులు, సంతృప్త కొవ్వు స్థానంలో వాడితే చెడ్డ కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తాయి. చేపల్లో దొరికే ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ రక్తంలో ట్రైగ్లిసరైడ్స్ అనే కొవ్వుని తగ్గిస్తాయి. వాటి గురించి కింద వివరంగా ఉంది.

సంతృప్త కొవ్వు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 1500 కేలరీలు తినే మనిషికి అది సుమారు 17 గ్రాములు. ఈ 17 గుర్తుంచుకోండి, నూనెలన్నిటినీ దీంతోనే కొలుద్దాం.

నూనెల మధ్య పోటీ

ఒక పెద్ద చెంచాలో సంతృప్త కొవ్వు పొద్దుతిరుగుడు నూనెలో గ్రామున్నర, నువ్వుల నూనెలో రెండు గ్రాములు, వేరుశనగలో రెండున్నర, తవుడు నూనెలో మూడు, పామాయిల్‌లో ఆరు, నెయ్యిలో ఎనిమిదిన్నర దాకా, కొబ్బరి నూనెలో పన్నెండు దాకా ఉంటుంది. బ్రాండుని బట్టి, పంటని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ వరస మాత్రం ఇదే.

నన్నడిగితే రోజువారీ వంటకి వేరుశనగ నూనె గానీ తవుడు నూనె గానీ తీసుకోండి. రెండిట్లోనూ ఒలీయిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు, నలభై శాతం పైన ఉంటుంది, పోపుకీ వేపుడుకీ వేడి తట్టుకుంటాయి, మన నాలుకకి అలవాటైన రుచి. తవుడు నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం కూడా ఉంటుంది, కొలెస్ట్రాల్ కొంచెం తగ్గడానికి పనికొస్తుంది. నువ్వుల నూనె ఇంకా మంచిదే, ధర ఎక్కువ కాబట్టి పచ్చడి పోపుకో, అన్నంలో కలుపుకోవడానికో చిన్న సీసా పెట్టుకుంటే చాలు.

పొద్దుతిరుగుడు నూనె మీద ఈమధ్య ఫోన్లలో తెగ భయపెడుతున్నారు. అందులో ఒమేగా-6 ఎక్కువట, ఒంట్లో వాపు పుట్టిస్తుందట, కిడ్నీలు పాడుచేస్తుందట. ఒమేగా-6 ఎక్కువన్న మాట నిజమే, లినోలీయిక్ ఆమ్లం అరవై శాతం దాకా ఉంటుంది. కానీ మనుషుల మీద చేసిన పరీక్షల్లో అది తిన్నందుకు రక్తంలో వాపు గుర్తులు పెరగలేదు, పైగా చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది. మీ ఇంట్లో సన్‌ఫ్లవర్ వాడుతుంటే పారబొయ్యక్కర్లేదు. ఒకే నూనె ఏళ్ళ తరబడి కాకుండా ఈ నెల అది, వచ్చే నెల వేరుశనగ, అలా మార్చుకుంటే సరిపోతుంది.

గానుగా, రిఫైన్డా అన్నది అందరూ అడిగే ప్రశ్న. కొవ్వుల లెక్కలో రెండిటికీ పెద్ద తేడా లేదు. గానుగ నూనెలో విటమిన్-ఇ, వాసన, రుచి కాస్త ఎక్కువ మిగులుతాయి, అంతే. రిఫైన్డ్ నూనె వల్లే ఉద్దానం కిడ్నీలు పోయాయి అనే మాటకి ఆధారం ఏదీ లేదు. కళ్ళ ముందు ఆడించే గానుగ ఉండి, నమ్మకముంటే తెచ్చుకోండి. లేకపోతే సీలు వేసిన ప్యాకెట్ తెచ్చుకోండి. డబ్బాలోంచి కొలిచి పోసే విడి నూనె మాత్రం వద్దు, అందులో ఏం కలిసిందో మీకూ తెలీదు, అమ్మేవాడికీ తెలీదు.

గానుగ దగ్గర ఒక విషయం కళ్ళారా కనిపిస్తుంది. నువ్వులు ఆడిస్తుంటే ఒక పక్క నుంచి గోధుమ రంగు నూనె సన్నగా ధార కడుతుంది, రోలు గోడకి అంటుకుని తెలగపిండి చెక్కలు చెక్కలుగా మిగులుతుంది. నువ్వుల్లో ఉన్న ఫాస్ఫరస్, పొటాషియం, ప్రొటీన్ అన్నీ ఆ చెక్కలో ఉండిపోతాయి, నూనెలోకి రావు. మునగాకు వేసి తెలగపిండి కూర చేస్తే ఎంత బావుంటుందో నాకూ తెలుసు, బాలింతలకి పెడతారు కూడా. కానీ ఫాస్ఫరస్ పెరిగిందని మాత్రలు వాడుతున్న మనిషికి నువ్వుల నూనె ఒక చెంచా నిశ్చింతగా వెయ్యొచ్చు, తెలగపిండి కూర మాత్రం పెట్టకూడదు. గింజ ఒక్కటే, కానీ అందులోంచి వచ్చిన నూనె పనికొస్తుంది, పిండి పనికిరాదు. నువ్వుల పొడి, పల్లీ పచ్చడి, వేరుశనగ చిక్కీ, వీటన్నిటికీ ఇదే లెక్క.

ఇచ్ఛాపురం వైపు, ఒడియా ఇళ్ళల్లో ఆవనూనె వాడకం ఉంది. అందులో సంతృప్త కొవ్వు చాలా తక్కువ, మొక్కల ఒమేగా-3 కొంచెం ఉంటుంది, కాకపోతే ఎరూసిక్ ఆమ్లం ఎక్కువ. అలవాటున్న వాళ్ళు ఇంకో నూనెతో మార్చి మార్చి వాడుకోండి, అలవాటు లేనివాళ్ళు కొత్తగా మొదలెట్టనక్కర్లేదు.

పామాయిల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో వాడేది అదే, చవక కాబట్టి. డయాలసిస్‌కి వెళ్ళిరావడానికి ఆటో ఖర్చులు, పని మానుకున్న కూలి, మందులు, ఇవన్నీ మోస్తున్న ఇంటికి వెళ్ళి "పామాయిల్ విషం, మానేయండి" అనడం నాకు మనసొప్పదు. అది విషం కాదు. అందులో సంతృప్త కొవ్వు వేరుశనగ కంటే రెండింతలకి పైగా ఉంది, అంతవరకే. రోజుకి రెండు పెద్ద చెంచాలు పామాయిల్ అంటే సంతృప్త కొవ్వు 12 గ్రాములు, 17లో ఇంకా ఐదు మిగిలాయి. ఆ ఐదులోనే పాలు, పెరుగు, గుడ్డు, మాంసం సర్దుకోవాలి. అదే రోజు కొబ్బరి పచ్చడి, నెయ్యి కూడా పడితే లెక్క దాటిపోతుంది. పామాయిల్ తప్ప కొనలేని వాళ్ళు వేపుళ్ళు తగ్గించి కూరా పులుసూ ఎక్కువ చేసుకోండి, కుదిరినప్పుడు ఒక లీటరు వేరుశనగ నూనె తెచ్చి జబ్బున్న మనిషి తినే కూరల వరకైనా అది వాడండి.

డాల్డా, బేకరీ క్రీమ్ బన్ను, పఫ్‌లు, చవక బిస్కెట్లు: వద్దు. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది, మునుపటి కంటే నయమే, అయినా కిడ్నీ రోగికి వాటి అవసరం ఏమీ లేదు. పైగా బేకరీ సరుకుల్లో ఉప్పు, ఫాస్ఫేట్ కలిపిన పౌడర్లు ఉంటాయి. ఆ ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్ళిపోతుంది.

కొబ్బరి: నూనె వేరు, పచ్చడి వేరు, నీళ్ళు వేరు

ఉద్దానంలో కొబ్బరి గురించి మాట్లాడితే మనుషులకి కోపమొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని నేలకూల్చినప్పుడు ఇంటి మనిషి పోయినట్టు ఏడ్చిన వాళ్ళున్నారు. కాబట్టి కొబ్బరి మానేయమని నేను చెప్పను, మూడు రకాలుగా విడదీసి చూడమంటాను.

కొబ్బరి నూనె ఆరోగ్యానికి మంచిదని ప్రచారం గట్టిగా నడుస్తోంది. అందులో తొంభై శాతం దగ్గర సంతృప్త కొవ్వే, చెడ్డ కొలెస్ట్రాల్‌ని వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెల కంటే పెంచుతుంది. రోజువారీ వంటనూనెగా కిడ్నీ రోగికి నేను ఒప్పుకోను. తలకి రాసుకోండి.

కొబ్బరి పచ్చడి, కూరలో కోరు: 30 గ్రాముల పచ్చి కొబ్బరిలో సంతృప్త కొవ్వు తొమ్మిది గ్రాముల దాకా, పొటాషియం వంద మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అంటే వారానికి ఒకటి రెండు సార్లు, కూర మీద చల్లినంత, ఇబ్బంది లేదు. ఇడ్లీతో గిన్నెడు పచ్చడి రోజూ అంటే రోజు మొత్తం కోటాలో సగం పొద్దున్నే అయిపోయినట్టు.

కొబ్బరి నీళ్ళలో కొవ్వు లేదు కాబట్టి మంచివే కదా అనుకుంటారు. ఈ మూడిట్లో అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక బోండంలో పొటాషియం 600 మిల్లీగ్రాములకి పైగా ఉండొచ్చు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకీ, పొటాషియం ఎక్కువగా ఉన్నవాళ్ళకీ డాక్టర్లు మామూలుగా రోజంతటికీ పెట్టే హద్దు 2000 నుంచి 3000 మిల్లీగ్రాముల మధ్య. పొటాషియం బాగా పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ప్రేమతో బోండం కొట్టి ఇస్తారు, వద్దంటే బాధపడతారు, అయినా వద్దనే చెప్పండి. జబ్బు తొలి దశలో ఉండి, రిపోర్టులో పొటాషియం మామూలుగా ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. ఎవరికి వర్తిస్తుందో రిపోర్టే చెప్పాలి, పక్కింటివాళ్ళు కాదు.

చేప: పచ్చిదా, ఎండుదా, మాత్రా

మన వైపు అదృష్టం ఏమిటంటే ఒమేగా-3 కోసం విదేశీ చేప కొనక్కర్లేదు. బారువ, భావనపాడు, కళింగపట్నం తీరాల్లో పడే కానాగంతలు, కవ్వళ్ళు, ధర తక్కువని చాలామంది చులకనగా చూసేవి, ఒమేగా-3 లెక్కలో చాలా ఖరీదైన చేపల కంటే ముందుంటాయి. కొవ్వు పట్టిన కాలంలో వంద గ్రాముల ముక్కలో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి సుమారు ఒక గ్రాము దొరుకుతుంది. చెరువు చేపలు బొచ్చె, శీలావతిలో ఒమేగా-3 తక్కువ, కానీ అవి మంచి ప్రొటీన్, వాటినీ తోసెయ్యకండి.

చేప కిడ్నీకి మేలు చేస్తుందనడానికి ఆధారం ఉందా అంటే కొంత ఉంది. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 19 అధ్యయనాల్లోని 25,570 మంది లెక్కలు కలిపి చూశారు. రక్తంలో సముద్రపు ఒమేగా-3 ఎక్కువగా ఉన్నవాళ్ళకి కొత్తగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం 8 శాతం తక్కువగా కనిపించింది. అవిసె లాంటి మొక్కల ఒమేగా-3కి అలాంటి సంబంధం కనబడలేదు. ఇది పరిశీలన మాత్రమే, చేప తినేవాళ్ళు వేరే మంచి అలవాట్లున్నవాళ్ళు కూడా అయ్యుండొచ్చు, పైగా అది మన ఉద్దానం జబ్బు గురించి కాదు. ఇంకో పక్క, షుగర్ ఉన్న 1,312 మందికి ఐదేళ్ళు రోజుకి ఒక గ్రాము చేప నూనె మాత్ర ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష ఫలితం 2019లో వచ్చింది, కిడ్నీ పనితీరు తగ్గే వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కాబట్టి చేప వారానికి రెండు సార్లు తినండి, కిడ్నీ కోసం మాత్ర కొనకండి, ఇదీ నా అభిప్రాయం.

ఎలా వండాలన్నది ఎంత ముఖ్యమో చూడండి. కానాగంతని శుభ్రం చేసి రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టి, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, ఉప్పు మామూలుగా వేసేదాంట్లో సగం వేసి, అరగంట ఉంచండి. ఇనప పెనం బాగా కాలాక ఒక చెంచా నూనె రాసి పెడితే రెండు నిమిషాలకి చేపలోని కొవ్వే గాట్లలోంచి బయటికొచ్చి చిటపటలాడుతుంది, ఇంకో నూనె అక్కర్లేదు. మూకుడు నిండా నూనెలో ముంచి వేపితే ఆ ఒమేగా-3 కొంత నూనెలోకి పోతుంది, ఆ నూనె చేపలోకి వస్తుంది. పులుసు చేసినా మంచిదే, చింతపండు, టమాటా పలచగా వేసుకోండి, వాటిల్లో పొటాషియం ఉంటుంది.

నెత్తళ్ళు, చిన్న కవ్వళ్ళు ముల్లుతో సహా నమిలేస్తాం కదా, ముల్లులో ఫాస్ఫరస్ ఉంటుంది. ఫాస్ఫరస్ పెరిగినవాళ్ళు పెద్ద చేప ముక్క తీసుకుని ముల్లు తీసేసి తినండి.

ఎండు చేపల దగ్గర మాత్రం నేను మొండిగానే చెప్తాను. ఎండు నెత్తళ్ళు, ఎండు సొర, రొయ్యపొట్టు, ఉప్పు పట్టించి ఎండబెట్టినవి. నానబెట్టి నీళ్ళు పారబోస్తే కొంత ఉప్పు పోతుంది, మొత్తం పోదు. కిడ్నీ రోగికి రోజంతటికీ ఉప్పు ఒక చిన్న చెంచా, ఐదు గ్రాములు, దాటకూడదు. ఎండు చేప ఇగురు తిన్న రాత్రి దాహం ఆగదు, నీళ్ళు తాగుతారు, పొద్దునకి కాళ్ళు వాస్తాయి, డయాలసిస్ మిషన్ మీద కూర్చోబెట్టినప్పుడు బరువు ఎక్కువ చూపిస్తుంది, అంత నీరు ఒకేసారి లాగితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆ చేపలో ఉన్న కాస్త ఒమేగా-3 కోసం ఇంత కష్టం అక్కర్లేదు. ఆవకాయ మీద తేలే నూనె కూడా ఇలాంటిదే, నూనె మంచిదే కావచ్చు, దాని వెంట ఉప్పు దిగుతుంది.

ఇక మాత్రలు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ విషయంలో 2025లో ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. కెనడా, ఆస్ట్రేలియాల్లో 1,228 మంది హీమోడయాలసిస్ (మిషన్ మీద రక్తం శుద్ధి చేసే డయాలసిస్) రోగులకి కొందరికి రోజూ 4 గ్రాముల చేప నూనె, కొందరికి మామూలు నూనె మాత్ర ఇచ్చి చూస్తే, చేప నూనె తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటి తీవ్రమైన ఘటనలు 43 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఇది చాలా పెద్ద తేడా, నిజంగా ఆశ కలిగించే వార్త. కానీ ఇది చదివి మందుల షాపుకి పరిగెత్తకండి. ఆ పరీక్షలో ఇచ్చిన మోతాదులో ఈపీఏ 1.6 గ్రాములు, డీహెచ్ఏ 0.8 గ్రాములు ఉన్నాయి. మన షాపుల్లో మామూలుగా దొరికే వెయ్యి మిల్లీగ్రాముల మాత్రలో రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే, అంటే అదే మోతాదు రావాలంటే రోజుకి ఎనిమిది మాత్రలు మింగాలి. పెద్ద మోతాదులో చేప నూనె కొందరికి గుండె లయ తప్పేలా చేస్తుంది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు జాగ్రత్త పడాలి, డయాలసిస్‌లో హెపారిన్ అనే రక్తం పలచబరిచే మందు ఎలాగూ ఇస్తారు. కాబట్టి ఇది మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. డయాలసిస్ మీద లేని వాళ్ళకి ఈ ఫలితం వర్తించదు.

ఇంకొకటి, కాడ్ లివర్ ఆయిల్ అని అమ్మేది వేరు. అది చేప కాలేయం నూనె, అందులో విటమిన్-ఎ ఎక్కువ. కిడ్నీ పనిచెయ్యనివాళ్ళకి విటమిన్-ఎ బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని అది తెచ్చుకోకండి.

గింజలు, పప్పులు

పలాస జీడిపప్పు గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. కొవ్వు మంచి రకమే, ఎక్కువ భాగం ఒలీయిక్ ఆమ్లం. ఒక గుప్పెడు, అంటే సుమారు 28 గ్రాములకి, పొటాషియం 190, ఫాస్ఫరస్ 170 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాయి. మొక్కల ఫాస్ఫరస్ మొత్తం ఒంటికి పట్టదు కాబట్టి ఉప్పు లేని జీడిపప్పు నాలుగైదు పలుకులు ఉప్మాలోనో పాయసంలోనో పడితే కంగారు పడక్కర్లేదు. ఉప్పూ కారం వేసి వేపిన ప్యాకెట్ వద్దు.

అవిసె గింజల పొడి శాకాహారులు ఒక చెంచా వేసుకోవచ్చు, మలబద్ధకానికి పనికొస్తుంది. చేప చేసే పని చేస్తుందని మాత్రం అనుకోవద్దు, అందులోని ఒమేగా-3 మన ఒంట్లో ఈపీఏగా మారేది చాలా కొంచెం. మందులు వేసుకునే సమయంలో కాకుండా వేరే పూట తీసుకోండి.

ఎవరికి ఏది

జబ్బు తొలి దశ, క్రియాటినిన్ కొంచెం పెరిగింది, బరువు బాగానే ఉంది, పొటాషియం మామూలే: వేరుశనగ లేదా తవుడు నూనె, వారానికి రెండు సార్లు కానాగంతలు, కొబ్బరి తక్కువ, డాల్డా సున్నా. ఈ దశలో డాక్టరు కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే వేసుకోండి. సుమారు తొమ్మిది వేల మంది కిడ్నీ రోగుల మీద చేసి 2011లో ఫలితం ప్రకటించిన పరీక్షలో ఆ రకం మందులు గుండెపోటు లాంటి ఘటనల్ని ఆరో వంతు తగ్గించాయి. గానుగ నూనె మొదలెట్టాం కదా అని మాత్ర ఆపేసినవాళ్ళు ఉన్నారు, అలా చెయ్యకండి, నూనె ఎంత మంచిదైనా ఆ పని చెయ్యలేదు.

జబ్బు బాగా ముదిరి నాలుగు, ఐదు దశల్లో ఉండి ఇంకా డయాలసిస్ మొదలవ్వని వాళ్ళకి ప్రొటీన్ హద్దు ఉంటుంది కాబట్టి చేప ముక్క చిన్నది చాలు, వంద గ్రాముల చేపలో ఇరవై గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంటే సగం కోటా అక్కడే అయిపోయింది. ఆ రోజు పప్పు, గుడ్డు వద్దు. ఈ దశలోనే నూనె విషయంలో పిసినారితనం వదిలిపెట్టాలి. అన్నంలో ఒక చెంచా నువ్వుల నూనె కలపండి, కూరలో పోపు సరిగ్గా వెయ్యండి, మనిషి బరువు ప్రతి నెలా రాసుకోండి.

డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రొటీన్ కిలోకి 1 నుంచి 1.2 గ్రాములకి పెరగాలి. తాజా చేప వండి, గుడ్డు తెల్లసొన ధైర్యంగా పెట్టండి. మనిషి చిక్కిపోయి, నోరు చేదుగా ఉండి, ఏదీ సయించక తిండి మానేస్తుంటే, అన్నంలో చెంచా నెయ్యి వేస్తే నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడంటే, వెయ్యండి. ఆ మనిషికి ఆ రోజున సంతృప్త కొవ్వు కంటే ఆకలే పెద్ద శత్రువు. మా పిన్నికి నేను చెప్పింది ఇదే. ఇప్పుడు ఆవిడ ఇంటిల్లిపాదికీ వండే కూరలోనే, ఉప్పు వెయ్యకముందు, చిన్నాన్న వాటా గిన్నెలోకి తీసి, మిగతాదాంట్లో ఉప్పు కలుపుతుంది. విడి వంట పోయింది, నూనె అందరికీ ఒకటే.

షుగర్ కూడా ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు కొలెస్ట్రాల్, ట్రైగ్లిసరైడ్స్ పరీక్ష వదలకండి. మార్పిడి తర్వాత వాడే కొన్ని మందులు, స్టెరాయిడ్లు కొవ్వుల్ని పెంచుతాయి, అక్కడ నెయ్యి, కొబ్బరి దగ్గర ఉదారంగా ఉండకూడదు.

ఎంత అన్నది కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల మామూలు మనిషి పళ్ళేనికి పెట్టిన నూనె, కొవ్వు కోటా రోజుకి 27 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకి ఆరేడు లీటర్లు అవుతుంటే ఎక్కడో వేపుడు ఎక్కువైందన్నమాట. చిక్కిపోయిన రోగికి ఈ హద్దు పెట్టకండి, అతని పక్కన కూర్చుని పకోడీలు తినే మిగతావాళ్ళకి పెట్టండి.

వేపిన నూనె మళ్ళీ మళ్ళీ కాచడం అందరికీ చెడ్డదే. నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, కొంచెం వేడికే పొగ వస్తుంటే అది ఇక తిండికి పనికిరాదు. జంతికలు వండిన నూనె మిగిలితే వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల పోపుకి వాడెయ్యండి, మళ్ళీ మూకుడు నింపకండి. రోడ్డు పక్క బజ్జీల బండి మూకుడులో నూనె ఎన్నాళ్ళదో అడిగినా చెప్పరు, అందుకే జబ్బున్న మనిషికి అక్కడివి తేవద్దు. మరీ అడిగితే ఇంట్లోనే అరటికాయ ముక్కలు రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడికించి, పొటాషియం కొంత వదిలాక, కొత్త నూనెలో నాలుగు బజ్జీలు వేసి పెట్టండి.